నేను వేయని లెక్క

యూరప్ రోడ్ల మీద తిరిగే లారీలు ఎంత పొడుగుండవచ్చో, ఎంత ఎత్తుండవచ్చో, ఎంత బరువు మోయవచ్చో చూసుకోవడం నా ఉద్యోగం. ఆ దేశాలేవీ నేను చూడలేదు. మా ఆఫీసు విజయవాడ గవర్నర్‌పేటలో, ఒక లాడ్జీని ఆనుకుని ఉన్న మేడ మీద. కింద చీరల హోల్‌సేల్ కొట్టు. మధ్యాహ్నం నేను మెట్లెక్కేటప్పటికి కొట్టు ముందు బేళ్లు దింపుతూ ఉంటారు. వాటిని దాటుకుని పైకి వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చుంటే, అక్కడ అప్పుడే తెల్లవారి ఆఫీసులు తెరుస్తుంటారు.

పని వివరంగా చెబితే ఇదీ. అక్కడ మామూలు లారీ ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోవాలంటే సరుకుతో కలిపి నలభై టన్నులు మించకూడదు. ఎత్తు నాలుగు మీటర్లు. ట్రైలరుతో కలిపి పొడుగు పదహారున్నర మీటర్లు. కొన్ని దేశాలు తమ హద్దుల్లో అంతకన్నా ఎక్కువ బరువుకు ఒప్పుకుంటాయి, కానీ సరిహద్దు దాటితే మళ్లీ నలభయ్యే. గాలిమర రెక్క లాంటిదో, పెద్ద ట్రాన్స్‌ఫార్మరో ఆ కొలతల్లో ఇమడదు. అలాంటిది కదలాలంటే దారిలో ఉన్న ప్రతి దేశం అనుమతీ విడిగా తీసుకోవాలి. ఏ రోడ్డున వెళుతుంది, ఏ వంతెన ఎక్కుతుంది, ఒక్కో ఇరుసు మీద ఎంత బరువు పడుతుంది, ఇరుసుకీ ఇరుసుకీ మధ్య ఎంత దూరం, అన్నీ చెప్పాలి. ఆ దరఖాస్తులు పంపే కంపెనీ అక్కడిది, తయారుచేసేది మేము.

ఈ ఉద్యోగం గురించి ఇంట్లో శ్రద్ధగా విన్న మనిషి మా అన్నయ్య ఒక్కడే. నేను స్కూల్లో ఉండగానే నాన్న పోయారు. ఆ తర్వాత కొన్నాళ్లకే అమ్మ. అన్నయ్య ఇంటర్‌తో చదువు మానేసి కౌలుకు పొలం చేశాడు, నన్ను చదివించాడు. డిగ్రీలో ఉన్నన్ని రోజులూ పొద్దున్నే సైకిల్ మీద ఎక్కించుకుని మెయిన్ రోడ్డు దాకా తెచ్చి బస్సెక్కించేవాడు. ఊళ్లో మా చర్చి సంఘానికి ఆయనే పెద్ద. ఎవరింట్లో తగువు వచ్చినా, ఎవరు ఆసుపత్రిలో చేరినా ముందు ఆయన్నే పిలుస్తారు. ఆయన మాట అంటే మాటే.

ఆదివారాలు నేను ఊరు వెళ్లేదాన్ని. ఆరాధన అయ్యాక ముగ్గురం వరండాలో కూర్చుని భోజనం చేసేవాళ్లం. వదిన వడ్డిస్తూ ఉండేది. అన్నయ్య అడిగేవాడు, "ఈ వారం ఏం లారీలు తోలావమ్మాయ్?"

ఒకసారి ట్రాన్స్‌ఫార్మర్ సంగతి చెప్పాను. రేవు నుంచి ఒక చిన్న ఊరికి వెళ్లాలి. దారిలో వాగు మీద పాత వంతెన ఉంది. ఆ వంతెన చూసుకునే ఇంజనీరు కుదరదన్నాడు. మా కంపెనీ వాళ్లు ట్రైలరుకి ఇంకో రెండు ఇరుసులు కలుపుతామన్నారు. అయినా కుదరదన్నాడు. చివరికి లారీ పక్క జిల్లా అంతా చుట్టి వెళ్లింది.

"ఒక్క బ్రిడ్జి కోసం అంత చుట్టు తిరిగారా!" అన్నయ్య తినడం ఆపేశాడు. "ఇరుసులు పెంచుతామంటే కూడా ఒప్పుకోలేదెందుకు? బరువు పంచుకుంటుందిగా?"

"రోడ్డుకైతే అది చాలు. ఇరుసులు ఎక్కువైతే ఒక్కోదాని మీద బరువు తగ్గుతుంది, రోడ్డు గుంటపడదు. వంతెన అలా కాదు. ఎన్ని చక్రాలున్నా మొత్తం బరువు ఒకేసారి దాని మీదే కదా పడేది."

"నిజమే," అన్నాడు. వదిన వైపు తిరిగి, "చూశావా, మన పిల్ల ఇక్కడ కూర్చుని వాళ్ల బ్రిడ్జిలు కాపాడతంది," అన్నాడు. ఆ మాటకి నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

మా ఊరు కంకిపాడు అవతల. మెయిన్ రోడ్డు దిగి కాలవ దాటితే ఊరు. కాలవ మీద వంతెన మా నాన్న పుట్టకముందు కట్టింది. ఆటోలు, ట్రాక్టర్లు, స్కూలు వ్యాను, అన్నీ దాని మీదే. కొన్నేళ్ల క్రితం ఊరి వెనక మెరక చేలల్లో మట్టి తవ్వడం మొదలుపెట్టారు. విజయవాడ చుట్టూ ప్లాట్లు వేస్తున్న పల్లపు నేలలు పూడ్చడానికి ఆ మట్టి కావాలి. పది టైర్ల టిప్పర్లు పొద్దున్నుంచీ తిరిగేవి. వంతెన పిట్టగోడ ఒక పక్క బీట వారింది. బరువు హద్దు చెప్పే బోర్డు ఒకటి ఉండాలి గానీ, దాని మీద అక్షరాలు ఎప్పుడో రాలిపోయాయి. స్కూలు వ్యాను పిల్లల్ని ఎక్కించే తల్లులు భయపడి అన్నయ్య దగ్గరికి వచ్చారు. అన్నయ్య నన్ను పిలిచాడు.

"పంచాయతీలో నువ్వు మాట్లాడాల. నాకు తెలిసిందల్లా నోటి మాట. నీకైతే లెక్క తెలుసు."

అంతమంది ముందు మాట్లాడటం నాకదే మొదటిసారి. యూరప్‌లో బరువును ఎలా కట్టడి చేస్తారో చెప్పాను. బోర్డు పెట్టి వదిలేస్తే ఎవరూ ఆగరు, ఎత్తుగా ఉన్న బండి అసలు దూరకుండా చేస్తేనే ఆగుతుందన్నాను. వంతెనకి రెండు వైపులా స్తంభాలు పాతి, పైన అడ్డంగా ఇనప దూలం పెడదామన్నాను. ఆటో, స్కూలు వ్యాను, ట్రాక్టరు, అంబులెన్సు దాని కింద దూరతాయి, టిప్పరు దూరదు. ధాన్యం లారీ కూడా ఊళ్లోకి రాదు కాబట్టి, బస్తాలు ట్రాక్టర్ల మీద మెయిన్ రోడ్డు దాకా తోలుకోవాలి. రైతులు కాసేపు గొణిగి ఒప్పుకున్నారు.

అప్పుడు అన్నయ్య ఒక మాటన్నాడు. "కోత మిషన్ వచ్చేదెట్టా? ఎవరింటికన్నా నిప్పంటుకుంటే ఫైరింజన్ వచ్చేదెట్టా? దూలం పక్కకి తిరిగేట్టు పెడదాం. తాళం వేద్దాం."

న్యాయమైన మాటే. నేనూ తలూపాను. తాళంచెవి ఎవరి దగ్గరుండాలన్న ప్రశ్న కూడా రాలేదు. సర్పంచ్ గారు నవ్వి, "ఇంకెవరి దగ్గరుంటదండీ, మీ దగ్గరే," అన్నారు.

దూలాలు బిగించారు. టిప్పర్లు రెండు రోజులు మెయిన్ రోడ్డు మీద హారన్లు కొట్టి, అవతలి ఊరి దారి పట్టాయి. ఆ ఆదివారం పాస్టర్ గారు ప్రార్థనలో మా అన్నాచెల్లెళ్లను జ్ఞాపకం చేశారు.

తర్వాత కూడా అన్నయ్య నా పని గురించి అడుగుతూనే ఉండేవాడు. ఇంకా ఎక్కువగా అడిగేవాడు. ఒకరోజు, "ఆ నలభై టన్నులంటావే, దానికి మినహాయింపులేమన్నా ఉంటాయా?" అన్నాడు. ఉంటాయన్నాను. రైలెక్కించడానికి తీసుకెళ్లే కంటెయినర్లకు ఇంకాస్త ఇస్తారు. బ్యాటరీ లారీలకు, బ్యాటరీ బరువుంటుంది కాబట్టి, కొంచెం వదులుతారు. ఇంకా వదలాలా వద్దా అని అక్కడ పెద్ద వాదనలే నడుస్తున్నాయని కూడా చెప్పాను.

"అంటే రూలంటూ ఉంటే దాని పక్కనే ఇంకో దారీ ఉంటదన్నమాట," అని నవ్వాడు. నేనూ నవ్వాను.

ఆ మే నెలలో ఒక గురువారం మా ఆఫీసుకి సెలవొచ్చింది. క్రీస్తు పరలోకానికి వెళ్లిన రోజు, అక్కడ చాలా దేశాల్లో సెలవు. ఇక్కడ మామూలు పనిరోజే. చెప్పకుండా వెళ్లి వదినకి సాయం చేద్దామని బయల్దేరాను. ఆమె ఆవకాయ పెట్టే రోజులవి. బస్సు దిగేసరికి ఎండ బాగా ఎక్కింది. ఆటో దొరకలేదు. కొంగు తలమీద వేసుకుని నడిచాను.

వంతెన ఇంకా దూరంగా ఉండగానే దుమ్ము కనబడింది. దగ్గరికి వెళితే దూలం పక్కకి తిప్పి ఉంది. తాళం గొలుసుకు వేలాడుతోంది. పగలగొట్టింది కాదు, చెవి పెట్టి తీసింది. మట్టితో నిండిన టిప్పరు ఒకటి ఊరి వైపు నుంచి వంతెనెక్కి వస్తోంది. దాని వెనక ఇంకొకటి ఆగి ఉంది. వేసవిలో కాలవలు కట్టేస్తారు కాబట్టి అడుగున నీళ్లు లేవు. నేను పక్కకి తప్పుకుని గట్టు దిగి, ఎండిన కాలవలోకి వెళ్లి వంతెన కిందికి చూశాను. వంతెనని మోసే మధ్య గోడకి పైనుంచి కింది దాకా బీట. నా వేలు దూరేటంత ఉంది. పైన టిప్పరు కదులుతుంటే అందులోంచి సున్నం పొడి రాలి నా మొహం మీద పడింది.

గట్టెక్కి రెండో టిప్పరు డ్రైవరుని ఆపాను. కుర్రవాడేమీ కాదు, నా కన్నా పెద్దే.

"ఈ గేటు ఎవరు తీశారండీ?"

"సంఘం పెద్దాయనేనండి. ఆదివారం తప్పించి రోజూ పొద్దున్నే తీసిపెట్టి, సాయంత్రం ఏస్తారు."

"వంతెన బీటలిచ్చింది కదా. మీకు భయం లేదా?"

"ఏం కాదంటండీ. ఆయన చెల్లెలుగారున్నారు, ఫారిన్ లారీలకి పర్మిషన్లు ఇస్తారంట బెజవాడలో. ఆవిడే లెక్కేసి చెప్పారంట. పది టైర్లు కాబట్టి బరువు పంచుకుంటది, బ్రిడ్జికి ఏం ఢోకా లేదని. పంచాయతీలో కూడా పెద్దాయన అదే చెప్పారు." నన్ను ఎగాదిగా చూసి, "పక్కకి జరగండి మేడం, దుమ్ము పడతది," అన్నాడు.

పక్కకి జరిగాను. ఆ బండి వంతెన దాటేదాకా అక్కడే నిలబడ్డాను. దొంగతనంగా గేటు తీశాడంటే అంత బాధ ఉండేది కాదేమో. డబ్బుకి ఆశపడ్డాడు అనుకునేదాన్ని. కానీ నేను చెప్పిన రెండు మాటల్లో ఒకటి దాచిపెట్టి, రెండోదాన్ని నా పేరుతో ఊరంతా తిప్పాడు. ఆదివారం భోజనాల దగ్గర నేను చెబుతుంటే తినడం ఆపి విన్నది ఇందుకా అనిపించింది.

ఇంటికెళ్లేసరికి అన్నయ్య వరండాలో మందు కొట్టే స్ప్రేయరు విప్పుకుని కూర్చున్నాడు. నన్ను చూసి ముందు మామూలుగానే మొహం విప్పారింది, ఆ తర్వాత ఇవాళ ఏ వారమో గుర్తొచ్చినట్టుంది.

"ఇయ్యాళ వచ్చావేంటమ్మాయ్?"

"వంతెన దగ్గర నుంచి వస్తున్నాను అన్నయ్యా."

స్ప్రేయరు కింద పెట్టాడు. వదిన మామిడికాయ ముక్కలు తుడుస్తోంది. గుడ్డ చేతిలో అలాగే పట్టుకుని నిలబడింది.

"కూర్చో. మంచినీళ్లు తాగు ముందు."

"పది టైర్లయితే ఏం కాదని నేను చెప్పానా?"

"చెప్పావుగా. ఇరుసులు ఎక్కువైతే బరువు పంచుకుంటుందని నువ్వేగా అన్నావ్, ఇక్కడే కూర్చుని."

"రోడ్డుకని చెప్పాను. వంతెనకి కాదని కూడా చెప్పాను. నువ్వే అడిగావు, నువ్వే నిజమే అన్నావు."

ఆయన స్ప్రేయరు గొట్టాన్ని తీసి ఒకసారి ఊది చూశాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. మా ప్రార్థన మందిరం వెనక పల్లం అంతా టిప్పర్ల వాళ్లే మెరక చేసి ఇచ్చారట. ఊళ్లో నలుగురికి పని దొరికిందట. తిరిగే బండ్లలో ఒకదాంట్లో తనకీ భాగముందట.

"వాళ్లకీ మినహాయింపులున్నయ్యి కదా, మీ యూరప్‌లో. అడిగితే ఇస్తారు కదా. మనమూ కొన్నాళ్లు ఇచ్చాం అనుకో. వానలు పడితే ఎట్టాగూ ఆపేస్తారు."

"అక్కడ ఇంజనీరు వంతెన చూసి ఇస్తాడు. నా పేరు ఎందుకు వాడావు?"

"నా మాట అంటే, ఈయనకేం తెలుసంటారు. నీ పేరు చెప్తే ఊరు నమ్మింది. నీకది గౌరవమేగా?"

నాకు ఏడుపు రాలేదు. "నేను అనని మాట, నా నోట్లో పెట్టావు. రేపు అది కూలితే?"

"కూలదు," అన్నాడు. లేస్తూ, "ఇంట్లో మాట బజారుకెక్కించకు," అన్నాడు.

నేను బజారుకే వెళ్లాను. సర్పంచ్ గారింట్లో అప్పటికే నలుగురైదుగురు రైతులున్నారు. నేను అలా చెప్పలేదని, టిప్పర్లను వెంటనే ఆపాలని, వంతెన కిందికి దిగి ఒక్కసారి చూడమని చెప్పాను. సర్పంచ్ గారు ఇబ్బందిగా కదిలారు. "మీ అన్నయ్యగారు అబద్ధం చెప్పారంటారా అమ్మా?" అన్నారు.

అంతలో అన్నయ్య వచ్చాడు. నా వెనకే వచ్చినట్టున్నాడు. ఆయన గట్టిగా మాట్లాడలేదు. నా పక్కన నిలబడి, చిన్నప్పటిలా తల మీద చెయ్యి వేశాడు.

"పాపం భయపడుతోందండీ. ఆ కంపెనీ వాళ్లకి తెలిస్తే ఉద్యోగానికేమన్నా అవుద్దేమోనని. బయట లెక్కలు చెప్పకూడదంట వాళ్లు. అందుకని కాదంటోంది. ఆడపిల్ల, ఒక్కతే బెజవాడలో ఉంటది. మీరేం అనుకోవాకండి."

అందరి మొహాల్లోనూ జాలి కనబడింది. "అదా సంగతి," అన్నారెవరో. ఒకాయన, "ఏం భయంలేదమ్మా, మేమెక్కడా చెప్పంలే," అని నాకు ధైర్యం చెప్పాడు. నేను ఇంకేమన్నా అది భయంతో అన్న మాటే అవుతుందని అర్థమైంది. ఆయన చెయ్యి నా తల మీద ఇంకా ఉంది. నన్ను సైకిలెక్కించిన చెయ్యి. దాన్ని తీసేసి బయటికి నడిచాను. ఆవకాయ ముట్టుకోకుండా విజయవాడ బస్సెక్కాను.

మండల ఆఫీసుకీ, ఇరిగేషన్ వాళ్ల ఆఫీసుకీ తిరిగాను. చూస్తామన్నారు. ఈలోగా కాలవకి నీళ్లు వదిలారు. కింది బీట నీళ్లలో మునిగింది, ఇక చూద్దామన్నా కనబడదు. వానలు మొదలైనా మట్టి తోలడం ఆగలేదు.

వంతెన కుంగిన సంగతి వదిన ఫోన్ చేసి చెప్పింది. లోడు టిప్పరు మధ్యకి రాగానే ఒక పక్క కిందికి దిగిపోయిందట. బండి పిట్టగోడకి ఆనుకుని ఆగిందట. డ్రైవరు దూకి బయటపడ్డాడు, కాలు విరిగింది. స్కూలు వ్యాను అప్పటికే దాటి వెళ్లింది. ఆ ఒక్క మాట రెండుసార్లు అడిగాను. దాటి వెళ్లింది అని వదిన రెండుసార్లూ చెప్పింది.

మర్నాడు సెలవు పెట్టి వెళ్లాను. మెయిన్ రోడ్డు మీద బస్సు దిగగానే, నా చిన్నప్పటి నుంచీ ఎరిగిన ఒకామె ఎదురైంది. "చదువుకున్నదానివి, ఇట్టా లెక్క తప్పావేంటే తల్లీ," అంది. తిట్టలేదు, బాధపడుతూ అంది. కాలవ గట్టు మీద ఊరంతా ఉంది. ఇరిగేషన్ ఇంజనీరు వచ్చి చూస్తున్నాడు. అన్నయ్య ఆయన పక్కనే ఉన్నాడు. నేను వెళ్లి ఇంజనీరుతో జరిగింది జరిగినట్టు చెప్పాను, అందరికీ వినబడేలా. తర్వాత అన్నయ్య వైపు తిరిగాను.

"వంతెన సంగతి నేను ఏం చెప్పానో నువ్వే చెప్పు అన్నయ్యా. ఇప్పుడన్నా చెప్పు."

ఆయన కాలవలోకి చూస్తూ నిలబడ్డాడు. ఇంజనీరు కాసేపు ఆగి, ఇది ఇంటి తగాదా అనుకున్నాడేమో, కొలతలు తీసుకోవడానికి వెళ్లిపోయాడు.

నిజం చెప్పింది వదిన. ఆ రోజు కాదు, అందరి ముందూ కాదు. ఆ తర్వాత వారాల్లో, అవతలి ఊరి మీదుగా చుట్టు తిరిగి పిల్లల్ని బడికి పంపుతున్న తల్లులతో, నీళ్ల టాంకు దగ్గర, ఒక్కొక్కరితో చెప్పింది. "ఆ పిల్ల నా ముందే చెప్పింది, బ్రిడ్జికి మొత్తం బరువు పడుద్దని. నేను వడ్డిస్తా విన్నాను." ఆ మాట మెల్లగా ఊరంతా తిరిగింది. నాతో ఎవరూ ప్రత్యేకంగా ఏమీ అనలేదు. పలకరింపుల్లో మాత్రం జాలి పోయింది. ఊరికి అంత చాలు కాబోలు. నాకు చాలలేదు. నాకు కావలసింది ఒక్కరి నోటి నుంచి రావాలి, అది రాలేదు.

అన్నయ్య బండిలో భాగం వదిలేసుకున్నాడని విన్నాను. సంఘ పెద్దగా ఆయన్ని మార్చలేదు. వంతెన పక్కన తూములు వేసి మట్టికట్ట పోశారు, ఆటోలు దాని మీద వెళుతున్నాయి. కొత్త వంతెన వస్తుందంటున్నారు. ఆదివారాలు నేను ఇక్కడ విజయవాడలోనే ఆరాధనకి వెళుతున్నాను.

ఆయన ఫోన్ చేస్తాడు. ఒంట్లో ఎలా ఉందని అడుగుతాడు, నేనూ అడుగుతాను. "ఇంకా కోపం తగ్గలేదా?" అంటాడు. కోపం కాదంటాను. మరేంటని ఆయన అడగడు. అడిగితే చెబుదామని ఉంటుంది: ఇప్పుడు ఆఫీసులో ఎవరికైనా ఒక లెక్క వివరించాల్సి వస్తే సగంలో ఆగిపోతున్నాను. వింటున్న మనిషి మొహం చూస్తున్నాను. ఇందులో ఏ సగం దాచుకుంటాడో అనుకుంటున్నాను. ముందు అలా ఉండేదాన్ని కాదు.

మొన్న వదిన కంటి పరీక్షకని విజయవాడ వచ్చింది. మా ఆఫీసు మెట్లెక్కి పైకి వచ్చి, కాసేపు నా పక్కన కూర్చుంది. కిటికీలోంచి చూస్తే కింద చీరల కొట్టు ముందు, బేళ్ల మధ్య, అన్నయ్య మోటారుసైకిల్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. పైకి చూడలేదు. పిలుస్తానేమోనని వదిన కాసేపు ఎదురుచూసింది. నేను పిలవలేదు. ఆమె కళ్లజోడు తుడుచుకుని, జాగ్రత్త అని చెప్పి, మెట్లు దిగి వెళ్లింది.